నాగలత టీచరు కలపకూడని రెండు వాక్యాలు

వేంసూరు మండలంలో పిచ్చయ్య కుదిర్చిన పెళ్లిళ్లు నూట పద్నాలుగు. కుదరనివాటిని ఆయన లెక్కలోకి తీసుకోలేదు. ఆయనది వ్యవసాయం; సంబంధాలు చూడటం పొలం పని లేని నెలల్లో చేసే పని. కృష్ణా జిల్లా నుంచి తాతల కాలంలో వచ్చి స్థిరపడిన కుటుంబం కాబట్టి అటూ ఇటూ చుట్టరికాలు తెలిసిన మనిషిగా ఆయనకు పేరుంది. ఆయన కూతురు నాగలతకు ముప్పై నాలుగేళ్లు. ఆమె సంబంధం ఆ నూట పద్నాలుగులో లేదు.

నాగలత పర్ణశాలకు పన్నెండు కిలోమీటర్ల దూరంలో, అడవి మొదలయ్యే చోట ఉన్న ఒక బాలికల ఆశ్రమ పాఠశాలలో ఇంగ్లిష్ చెబుతుంది. ఏడేళ్లుగా కాంట్రాక్టు టీచరు. ఇక్కడి వివరాలు చాలావరకు ఆమె చెప్పినవి. కొన్నింటిని అదే బడిలో వంట చేసే రామక్క సరిదిద్దింది. ఇద్దరి మాటా కలవని చోట రామక్క మాటే ఉంచడం జరిగింది. నాగలత కూడా అందుకు ఒప్పుకుంది.

పిచ్చయ్య ఏ సంబంధం గురించీ ఒక్క ముక్కలో చెప్పడు. ఆయన మాటలో ఎప్పుడూ రెండు భాగాలుంటాయి. పిల్లాడు బ్యాంకులో పనిచేస్తాడు, కానీ ఆ బ్యాంకు ఒడిశాలో ఉంది. వాళ్లకు మామిడితోట ఉంది, పిల్లాడికి చెడు అలవాట్లు లేవు. అమ్మాయి సన్నగా ఉంటుంది, అందుకని ఫొటో దూరం నుంచి తీశారు. సత్తుపల్లి డిగ్రీ కాలేజీలో లెక్చరర్ కాంపౌండ్ సెంటెన్స్ అంటే ఏమిటో బోర్డు మీద రాసినప్పుడు, నాగలతకు అది కొత్తగా అనిపించలేదు. సొంత కాళ్ల మీద నిలబడగల రెండు వాక్యాలు, మధ్యలో మాట కలిపే ఒక పెద్దమనిషి. అండ్, బట్, ఆర్, సో అనే నలుగురు పెద్దమనుషుల్లో ముగ్గురి తీరు ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు. పిచ్చయ్య ‘ఆర్’ వాడడు. రెండు సంబంధాలు ఒకేసారి చూపిస్తే రెండూ పోతాయని ఆయన నమ్మకం.

ఆమెకు వచ్చిన సంబంధాల్లో ‘కానీ’ ఎప్పుడూ ఆమె వైపే పడేది. అమ్మాయి బీఎడ్ చదివింది, కానీ ఏజెన్సీలో ఉద్యోగం. ఉద్యోగం ఉంది, కానీ పర్మినెంటు కాదు. డీఎస్సీ రెండుసార్లు రాసింది, కానీ రెండుసార్లూ మార్కున్నర తేడా. ఆ వాక్యాలు విని విని ఆమెకు బాధ పోయింది. వాటిలో ఎక్కడ కామా పడుతుందో చూసుకోవడం మాత్రం అలవాటైంది.

బడి ఆమెకు ఇష్టం. ఎందుకని అడిగితే, ఇక్కడ ఎవరూ ఫొటో అడగరని చెప్పింది.

మొన్నటి విద్యాసంవత్సరంలో కాంట్రాక్టు కొనసాగింపునకు కొత్త పద్ధతి పెట్టారు. మార్చిలో ఒక పరిశీలకుడు వచ్చి ఒక్కో టీచరు పాఠం నలభై నిమిషాలు చూస్తాడు. ఆయన చేతిలోని ఫారంలో ఇరవై గడులుంటాయి. పన్నెండు టిక్కులు వచ్చినవారు ఉంటారు, రానివారి స్థానంలో జూన్‌లో వేరేవారు వస్తారు. అర్ధసంవత్సర పరీక్షలో ఎనిమిదో తరగతి పిల్లలు ఎక్కువగా తప్పిన ప్రశ్న రెండు వాక్యాలను కలిపి రాయడం. కాబట్టి నాగలత చూపవలసిన పాఠం అదేనని హెడ్‌మిస్ట్రెస్ నిర్మలాదేవి నిర్ణయించారు. పన్నెండు రాకపోతే నాగలత వేంసూరు వెళ్లాలి. పిచ్చయ్య దగ్గర అప్పటికే మూడు సంబంధాలున్నాయి.

ఫిబ్రవరి మొదటి వారంలో ఆమె పాత క్యాలెండర్ కాగితాల వెనకవైపు కార్డులు రాసింది. తరగతిలో ముప్పై ఒక్క మంది. ఇరవై నాలుగు కార్డుల మీద చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాలు, నాలుగింటి మీద కలిపే మాటలు, రెండింటి మీద కామా, ఒకదాని మీద ఫుల్‌స్టాప్. పిల్లలకు ఆమె చెప్పిన పాఠం తండ్రి దగ్గర నేర్చుకున్నదే. ఇది వాక్యాల పెళ్లి. రెండిళ్లవాళ్లు ఎదురెదురుగా నిలబడతారు. మధ్యలో ముందు తాంబూలం పెట్టాలి, అది కామా. చూడటానికి కూడా తమలపాకు తొడిమలాగే ఉంటుంది. తాంబూలం పెట్టాకే పెద్దమనిషి నోరు విప్పాలి. పెళ్లయ్యాక రెండో వాక్యం తన పెద్దక్షరాన్ని వదిలేసి చిన్నక్షరంతో ఈ ఇంట్లో అడుగుపెడుతుంది. చివరికి ఫుల్‌స్టాప్ వస్తుంది, అందరూ కూర్చుంటారు.

పిల్లలకు ఆట నచ్చింది. ఫుల్‌స్టాప్ కార్డు కోసం తగాదా పడ్డారు. ఆ కార్డు పట్టుకున్న పిల్ల నోరు విప్పనక్కర్లేదు, పైగా ఆమె వస్తే తరగతంతా కూర్చోవాలి.

మొదటి జంట చక్కగా కలిసింది. రెండోది కూడా. మూడో జంటకు లిఖిత, మంగ్లి లేచారు. లిఖిత చేతిలో ‘ద రెయిన్ స్టాప్డ్’, మంగ్లి చేతిలో ‘వి వెంట్ టు ద ఫీల్డ్’. వాన ఆగింది, కాబట్టి పొలానికి వెళ్లాం. ఇంతకంటే తేలిక సంబంధం నాగలత దగ్గర లేదు. ‘సో’ కార్డు పిల్ల ఇద్దరి మధ్యకు వచ్చింది, ఒకసారి లిఖితను చూసింది, ఒకసారి మంగ్లిని చూసింది, తిరిగి వెళ్లి తన చోట కూర్చుంది. కామా పిల్ల అసలు లేవలేదు. లిఖిత, మంగ్లి ఎవరి కార్డు వారు పట్టుకుని నేల చూస్తూ నిలబడ్డారు.

నాగలత మళ్లీ చెప్పింది. ఈసారి గట్టిగా చెప్పింది. తర్వాత తెలుగులో చెప్పింది. ఏమైందని అడిగితే ఏం లేదు మేడం అన్నారు.

ఆ వారంలో పన్నెండు జంటల్లో ఏడు కలిశాయి, అయిదు కలవలేదు. కలవని పదిమందికీ నోట్‌బుక్కులో అవే వాక్యాలిచ్చి రాయమంటే పదిమందీ తప్పు లేకుండా రాశారు, కామాతో సహా. నాగలత తన డైరీలో ఇలా రాసుకుంది: కూర్చుంటే వస్తుంది, నిలబడితే రాదు. రక్తహీనత కావచ్చు. ఆ తర్వాతి గురువారం ఏఎన్ఎం నర్సు వచ్చినప్పుడు ఆ పదిమందికీ ఐరన్ మాత్రలు ఇప్పించింది. పిల్లలు మారుమాట లేకుండా మింగారు. శుక్రవారం మళ్లీ నిలబెట్టింది. కలవలేదు.

జంటలు మార్చి చూసింది. కొత్తగా నలుగురు కలిశారు, అంతకుముందు కలిసినవారిలో ఆరుగురు విడిపోయారు. ఫిబ్రవరి ఇరవై తేదీ నాటికి ఆమె డైరీలో ఎనిమిది పేజీల పట్టికలున్నాయి. వాటి నుంచి ఆమె తేల్చినది, పిల్లలకు ‘సో’ అంటే భయమని. మరునాడు ‘సో’ను పక్కనపెట్టి ‘అండ్’తో ప్రయత్నించింది. మంగ్లి కళ్లలో నీళ్లు తిరిగాయి.

తరగతి గది కిటికీకి ఎదురుగా వంటగది ఉంది. రామక్క అక్కడ నుంచి ఈ వ్యవహారమంతా మూడు వారాలుగా చూస్తోంది. ఆమె కోయ మనిషి, దగ్గర్లోని గూడెమే ఆమెది; ఈ బడిలో పంతొమ్మిదేళ్లుగా వంట చేస్తోంది. ఆ మధ్యాహ్నం ఆమె వరండాలో చింతగింజలు కొడుతుండగా నాగలత వచ్చి పక్కన కూర్చుంది. పాఠం ఎందుకు రావడం లేదో తనకు అంతుచిక్కడం లేదని, ఇక ఇరవై రోజులే ఉన్నాయని, తాను వెళ్లిపోవలసి వస్తుందేమోనని చెప్పుకుంది. రామక్క చేతిలోని గింజ కొట్టి, తొక్క తీసి పక్కన పెట్టాకే మాట్లాడింది.

“ఆ లిఖిత, ఆ మంగ్లి ఒక్క గట్టు మేడం. అక్కచెల్లెండ్లు. మీరేమో రోజూ నిలబెట్టి పెండ్లి చేస్తనంటున్నరు.”

నాగలత ఆ ఇద్దరి వివరాలూ గుర్తు చేసుకుంది. లిఖితది ఈ పక్క ఊరు. మంగ్లి వాళ్లు రాష్ట్ర సరిహద్దు అవతల కుంట అనే ఊరి వైపు నుంచి వచ్చారు. ఇంటిపేర్లు వేరు, తల్లిదండ్రులు వేరు, రాష్ట్రాలే వేరు. ఆ మాటే అంది.

గట్టు ఊరును బట్టి రాదని రామక్క చెప్పింది. కోయల ఇంటిపేర్లన్నీ కొన్ని గట్ల కింద ఉంటాయి; మూడో గట్టు, నాలుగో గట్టు అని లెక్క. ఒకే గట్టులో పుట్టినవాళ్లు ఎక్కడున్నా తోబుట్టువులే. వేరే గట్టువాళ్లకే పిల్లనిస్తారు. ఇది మూడేళ్ల పిల్లకు కూడా తెలుసు.

“పెళ్లి వాక్యాలకు కదా రామక్కా. పిల్లలకు కాదుగా” అంది నాగలత.

“వాక్యం దానంతటది లేచి నిలబడ్డదా మేడం? పట్టుకున్నది పిల్లే గద. పిల్ల ఏ గట్టో దాని చేతుల ఉన్నది గూడ అదే గట్టు.”

మరి ఇన్నాళ్లూ పిల్లలు ఒక్క మాటైనా ఎందుకు చెప్పలేదని అడిగింది. మేడంకు తెలియదని మేడంకే చెబితే బాగుండదని ఊరుకున్నారట. పెద్ద చదువు చదివిన మనిషి కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు తానే అడుగుతుందని అనుకున్నారట. మాత్రలు మాత్రం ఎందుకిచ్చారో వాళ్లకు ఇప్పటికీ తెలియదట.

రామక్క ఇంకో గింజ తీసుకుంది. “మీ నాయన పెండ్లిళ్లు చేస్తడంటిరి గదా. గిట్లనే చేస్తడా, అడగకుంటనే?”

ఆ సాయంత్రం నాగలత తండ్రికి ఫోన్ చేసి జరిగినదంతా చెప్పింది. పిచ్చయ్య అడ్డు రాకుండా విన్నాడు.

“గోత్రం అడగకుండా తాంబూలం పెట్టావా అమ్మాయ్?” అన్నాడు.

“అడగలేదు నాన్నా.”

“నూట పద్నాలుగు చేశాను. ఒక్కదాంట్లోనూ అది మర్చిపోలేదు. నా పేరు చెప్పావా అక్కడ?”

చెప్పానంది. సంబంధాల ప్రస్తావన తేకుండా ఆయన ఫోన్ పెట్టేయడం అదే మొదటిసారి.

పెళ్లి ఆట మానేసి మరో పద్ధతి పెట్టవచ్చు. నాగలత ఆ సంగతీ ఆలోచించింది. కానీ పిల్లలకు ఆట వచ్చేసింది, తప్పు ఆటలో లేదు. మర్నాడు ఆమె హాజరు పట్టీ తీసుకుని వంటగదికి వెళ్లింది. రామక్క చేతులు తుడుచుకుని పీట మీద కూర్చుని ఒక్కో పేరూ వింటూ గట్టు చెప్పింది. మూడో గట్టు తొమ్మిదిమంది, నాలుగోది ఆరుగురు, అయిదోది ఎనిమిదిమంది, ఆరోది ముగ్గురు, ఏడోది ఇద్దరు. మిగిలిన ముగ్గురూ కోయ పిల్లలు కారు. రెండు కామాలు, ఫుల్‌స్టాప్ వాళ్లకిచ్చారు. ఆ ఫుల్‌స్టాప్ నిర్ణయం మీద తరగతిలో రెండు రోజులు అసంతృప్తి నడిచింది.

ఆ గట్ల పట్టిక మీద సంతకం కోసం వెళ్తే, ఇది ఏ సర్వే అని నిర్మలాదేవి అడిగారు. కాంపౌండ్ సెంటెన్సెస్ అని నాగలత చెప్పింది. ఆవిడ సంతకం పెట్టి, ఒక కాపీ ఫైల్లో ఉంచమన్నారు.

ఆ తర్వాత పాఠం పది నిమిషాల్లో అయిపోయేది. పన్నెండుకు పన్నెండు జంటలూ కలిసేవి. లిఖితకు ఏడో గట్టు పిల్లను జత చేశారు, మంగ్లికి నాలుగో గట్టు పిల్లను. పిల్లలు తమంతట తామే కొత్త వాక్యాలు తెచ్చేవారు. మంగ్లి తెచ్చినది, మా అమ్మ ఇప్పపువ్వు ఏరుతుంది, కానీ మా నాన్న తాగుతాడు. దానిని బోర్డు మీద ఉంచాలా వద్దా అని నాగలత కాసేపు ఆలోచించి, కామా సరిగ్గా ఉంది కాబట్టి ఉంచింది.

మార్చి పద్నాలుగున పరిశీలకుడు జయప్రకాశ్ వచ్చాడు. ఖమ్మం వైపు ఎక్కడో ఇంగ్లిష్ చెప్పే మనిషి. నియమం ప్రకారం తరగతిలో ఇంగ్లిష్‌లోనే మాట్లాడాలి కాబట్టి చాలా తక్కువ మాట్లాడాడు. వెనక బెంచీలో కూర్చుని ఫారం తెరిచాడు. పన్నెండు జంటలూ వరుసగా నిలబడి, కలిసి, కూర్చున్నాయి. బెంచీల మధ్య తిరుగుతూ నాగలత ఆ ఫారాన్ని తలకిందులుగా చదవగలిగింది. పదకొండు టిక్కులు, అయిదు ఇంటూ గుర్తులు. ఇంకా నాలుగు గడులే ఖాళీగా ఉన్నాయి. అందులో మూడు ప్రొజెక్టర్ వాడకం, భాషా ప్రయోగశాల, ఇంటర్నెట్. అవి బడిలో లేవు. మిగిలినది పదిహేడో గడి: పరిశీలకుడు తనకు తోచినట్లు ఎంచుకున్న విద్యార్థినులు సంయుక్త వాక్యం నిర్మించగలగడం.

జయప్రకాశ్ హాజరు పట్టీ అడిగి తీసుకుని, కళ్లు మూసుకుని రెండు చోట్ల వేలు పెట్టాడు. తొమ్మిది, ఇరవై రెండు.

లిఖిత, మంగ్లి లేచి నిలబడ్డారు. ఆ రోజు లిఖిత చేతిలో ఉన్న కార్డు, నాకు జ్వరం వచ్చింది. మంగ్లి చేతిలోది, నేను బడికి వచ్చాను. కలవడానికి అన్ని విధాలా సిద్ధంగా ఉన్న వాక్యాలు. ‘బట్’ పిల్ల సగం లేచి, ఆగి, నాగలత ముఖంలోకి చూసింది. తరగతంతా అటే చూసింది. కిటికీ అవతల గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

ఒక్క మాట చాలని నాగలతకు తెలుసు. ఇది ఉత్త కాగితం, ఈ ఒక్కసారికి రండి అంటే వాళ్లు వచ్చేవారు. మాత్రలు మింగిన పిల్లలు. పన్నెండో టిక్కు పడేది, జూన్‌లో ఆమె ఇక్కడే ఉండేది. జయప్రకాశ్ పెన్ను గడి మీద ఆనించి ఎదురుచూస్తున్నాడు.

నాగలత ఆయన దగ్గరికి వెళ్లి తెలుగులోనే చెప్పింది. నియమానికి అది విరుద్ధం.

“సార్, ఈ ఇద్దరినీ కలపకూడదు.”

ఆయన కూడా గొంతు తగ్గించి తెలుగులో అడిగాడు. “వాళ్లకు రాదా, మీరు వద్దంటున్నారా?”

“వాళ్లకు వచ్చు సార్. నేనే కలపను. అక్కచెల్లెళ్లు.”

జయప్రకాశ్ హాజరు పట్టీ చూశాడు. తండ్రి పేరు, ఊరు, ఇంటిపేరు గడులు వేలితో వరుసగా చూసుకుంటూ పోయాడు. ఎక్కడా చుట్టరికం కనిపించలేదు. అప్పుడు ఆయనకు నియమం గుర్తొచ్చినట్లుంది. లిఖిత వైపు తిరిగి, ఇంగ్లిష్‌లో, ఒక్క మాట అడిగాడు. వై?

లిఖిత మంగ్లి వైపు చూసింది. తర్వాత ఆయన వైపు చూసి, పాఠం అప్పజెప్పే గొంతుతో, మధ్యలో సరిగ్గా ఒక తాంబూలం పెట్టేంత సేపు ఆగి చెప్పింది.

“మంగ్లి ఈజ్ మై సిస్టర్, సో ఐ కెనాట్ జాయిన్ హర్.”

ఆగిన చోట కామా పిల్ల అలవాటుగా లేచి వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది. మంగ్లి ఆమెను మోచేత్తో పక్కకు నెట్టింది. “గీడ కాదే. గది మాటల నడిమిట్ల” అంది. పిల్ల వెళ్లి కూర్చుంది.

జయప్రకాశ్ ఆ వాక్యాన్ని మరోసారి చెప్పమన్నాడు. లిఖిత అదే చోట ఆగి మళ్లీ చెప్పింది. ఆయన దానిని ఫారం మార్జిన్‌లో రాసుకుని, కింద గీత గీసి, రెండు వైపులా సొంత కాళ్ల మీద నిలబడే వాక్యాలున్నాయో లేవో పరిశీలించాడు. ఉన్నాయి. పదిహేడో గడిలో టిక్కు పెట్టాడు. ఫుల్‌స్టాప్ పిల్ల తన పని గుర్తొచ్చి ముందుకు వచ్చి నిలబడింది. తరగతి కూర్చుంది. కొద్దిగా ఆలస్యంగా జయప్రకాశ్ కూడా కూర్చున్నాడు.

భోజనాల దగ్గర ఆయన రామక్కను పిలిచి గట్టు సంగతి వివరంగా అడిగాడు. ఆమె చెప్పింది. మీది ఏ గట్టు సార్ అని కూడా అడిగింది. ఆయన గోత్రం చెప్పాడు. అట్లనే అనుకోండి అంది రామక్క, ఇంకొంచెం పప్పు వేసి.

నాగలత కాంట్రాక్టు ఒక ఏడాది పొడిగించారు. ఫారంలో మెరుగుపరచుకోవలసిన అంశాల కింద ఒక్కటే ఉంది: తరగతిలో పిల్లలు ఒక క్రమం లేకుండా కూర్చుంటున్నారు. నిజానికి ఆ రోజు వాళ్లు గట్ల వారీగా కూర్చున్నారు.

పిచ్చయ్యకు ఫలితం చెబితే, మంచిదన్నాడు. తర్వాత, సత్తుపల్లిలో ఒక సంబంధం ఉందని, పిల్లాడు వ్యవసాయం చేస్తాడని మొదలుపెట్టాడు. నాగలత ‘కానీ’ కోసం ఆగింది. ఆయన కూడా ఆగాడు.

“ఏజెన్సీకి వచ్చిపోవడానికి అభ్యంతరం లేదంటున్నాడు” అన్నాడు చివరికి. “నేనింకా గోత్రం అడగలేదు. ముందు నిన్నే అడుగుతున్నా.”

వేసవి సెలవుల్లో చెబుతానంది. ఈ వివరాలు సేకరించే నాటికి ఆమె ఇంకా ఏమీ చెప్పలేదు.

జూన్‌లో కొత్త ఎనిమిదో తరగతికి ఇరవై తొమ్మిదిమంది వచ్చారు. మొదటి రోజు మొదటి పీరియడ్‌లో నాగలత సుద్దముక్క తీసుకోకముందే రామక్కను తరగతిలోకి పిలిపించింది. రామక్క చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి టీచరు కుర్చీలో కూర్చుంది. నాగలత పక్కన నిలబడి హాజరు పట్టీలో కొత్త గడి గీసుకుని, మొదటి పేరు చదివింది.